గోడ విప్పి చూశాకే పెట్టె కొనండి: యూరప్ ఇళ్లలో స్మార్ట్ సామాను పొసిగేదెలా

స్టుట్‌గార్ట్ శివార్లలో మా స్నేహితుడు అద్దెకు దిగిన ఇల్లు 1962లో కట్టింది. డాలస్ నుంచి ఉద్యోగం మారి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక సూట్‌కేసు నిండా స్మార్ట్ సామాను తెచ్చుకున్నాడు. గోడ స్విచ్చులు, ప్లగ్గులు, వీటన్నిటినీ కలిపి నడిపే ఒక హబ్, తలుపు తాళం, థర్మోస్టాట్, వీడియో కాలింగ్ బెల్. అక్కడ మూడేళ్ల పాటు ఒక్కరోజు కూడా సతాయించని సరుకు. ఇక్కడ ఒక ఆదివారం పొద్దున మెయిన్ ఆపేసి హాల్లో స్విచ్చు విప్పాం. గోడలో ఉన్నది గుండ్రటి బాక్సు, వాడి చేతిలో ఉన్నది నిలువుగా పొడుగాటి స్విచ్చు. కూర్చోదు. కూర్చున్నా దానికి కావలసినవి మూడు వైర్లు, బాక్సులో ఉన్నవి రెండు. ఆ మూడోది ఉన్నా లాభం లేదు, స్విచ్చు వీపు మీద 120 వోల్టులని రాసి ఉంది. సాయంత్రం దాకా ఒక్కొక్కటీ పరీక్షించి చూస్తే ఆ సూట్‌కేసు మొత్తంలో పనికొచ్చేవి మూడు తేలాయి. అవి బ్యాటరీతో నడిచే రెండు తలుపు సెన్సర్లు, ఒక ఉష్ణోగ్రత సెన్సర్.

వాడు కొన్నవేవీ నాసిరకం కాదు. పెట్టెల మీది గుర్తులు కూడా నిజమే. ఫలానా అసిస్టెంట్‌తో పనిచేస్తుంది, ఫలానా యాప్‌లో కనిపిస్తుంది అని రాసినవన్నీ అక్కడ జరిగాయి. చిక్కు ఎక్కడుందంటే, కంపాటిబుల్ అనే ఒక్క మాటలో ఐదు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మీ కరెంటుకు తట్టుకుంటుందా? మీ గోడలో, రేడియేటర్ మీద, తలుపులో పడుతుందా? మీ దేశంలో అనుమతి ఉన్న ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడుతుందా? మీ హబ్‌కు దాని భాష వచ్చా? రేపు ఇంటర్నెట్ పోయినా, కంపెనీ చేతులెత్తేసినా పనిచేస్తుందా? పెట్టె మీది గుర్తు జవాబిచ్చేది నాలుగో ప్రశ్నకు మాత్రమే, అది కూడా సగం సగం. యూరప్‌లో మనవాళ్ల డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా మొదటి మూడింటి దగ్గర. కాబట్టి ఎంపిక గోడ దగ్గర మొదలుపెట్టి యాప్ దాకా రావాలి. చాలామంది యాప్ దగ్గర మొదలుపెట్టి గోడ దగ్గర ఇరుక్కుపోతున్నారు.

కరెంటు ఒకటే, సాకెట్లు వేరు

యూరప్ అంతటా సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మన ఊళ్లోనూ అంతే. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అందువల్ల హైదరాబాద్‌లో కొన్న స్మార్ట్ ప్లగ్గు ఇక్కడి వోల్టేజీకి తట్టుకుంటుంది. అమెరికా కోసమే చేసినది పెట్టిన మరుక్షణం కాలిపోవచ్చు. అడాప్టర్ పెట్టాం కదా అనుకుంటారు. ప్రయాణాల్లో వాడే ఆ చిన్న అడాప్టర్ కాళ్ల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీని ముట్టుకోదు.

సాకెట్ల దగ్గరికొస్తే ఒక్కో దేశానిది ఒక్కో దారి. జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్, స్పెయిన్, స్వీడన్‌లలో షూకో సాకెట్టు, పక్కల రెండు ఎర్త్ పట్టీలతో లోపలికి గుంటలా ఉంటుంది. ఫ్రాన్స్, బెల్జియం, పోలండ్, చెకియాలలో చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ ఎర్త్ పిన్ను సాకెట్టులోంచే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. బ్రిటన్, ఐర్లండ్, మాల్టా, సైప్రస్‌లలో మూడు పలక కాళ్ల ప్లగ్గు, దానిలోపలే ఫ్యూజు. ఇటలీ, స్విట్జర్లాండ్, డెన్మార్క్‌లకు ఎవరివి వారివి. జర్మనీ కంపెనీ ప్లగ్గు కొని పారిస్‌లో ఉన్న చెల్లెలికి పంపించే ముందు, ఆ ప్లగ్గు ముఖం మీద ఎర్త్ పిన్ను దూరే రంధ్రం ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఫ్రెంచి సాకెట్టులో దిగదు. మామూలు ఉపకరణాల ప్లగ్గులు చాలావరకు రెండింటికీ సరిపోయేలా చేస్తారు గానీ, స్మార్ట్ ప్లగ్గులు అలా ఉంటాయని నమ్మకం లేదు. వాటిని దేశాలవారీగా వేరే ముఖంతో అమ్ముతారు.

ఇంకో సంగతి, ఒకే ఆకారంలో ఉన్న రెండు ప్లగ్గుల్లో ఒకటి 10 ఆంపియర్లది, ఇంకొకటి 16 ఆంపియర్లది కావచ్చు. మొదటిది 2300 వాట్ల దాకా, రెండోది 3680 వాట్ల దాకా. చలికాలంలో 2000 వాట్ల రూమ్ హీటర్ గంటల తరబడి నడిపేవాళ్లు ఈ అంకె చూడకుండా కొనకూడదు. షూకో ప్లగ్గు తిప్పి పెట్టినా పడుతుంది కాబట్టి, లోపల కరెంటును తెంపి కలిపే రిలే తెంపింది ఫేజునో న్యూట్రల్‌నో మీకు తెలియదు. యాప్‌లో ఆఫ్ అని చూపించినంత మాత్రాన దానికి తగిలించిన దీపం విప్పి చెయ్యి పెట్టవద్దు. ప్లగ్గు పీకేయాల్సిందే.

గాలిలోనూ సరిహద్దులున్నాయి

డాలస్ హబ్ ఇక్కడ ఎందుకు మూగబోయిందన్నది వోల్టేజీ కంటే సూక్ష్మమైన సంగతి. దాని ఛార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేదే, కాబట్టి హాయిగా వెలిగింది. కానీ అది మాట్లాడేది జడ్-వేవ్ అనే రేడియో భాష. జడ్-వేవ్ అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, యూరప్‌లో 868.42 మీద, ఇండియాలో 865.2 మీద. పేరు ఒకటే, పెట్టె ఒకటే, యాప్ కూడా ఒకటే. అయినా అక్కడి హబ్‌కు ఇక్కడి సెన్సర్ మాట వినపడదు. హైదరాబాద్‌లో కొని తెచ్చిన జడ్-వేవ్ సామానుకూ ఇదే గతి.

రెండూ అక్కడివే తెచ్చుకుంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి కదా అని వాడు అడిగాడు. మాట్లాడుకుంటాయి. కానీ యూరప్‌లో 880 నుంచి 915 మెగాహెర్ట్జ్ దాకా సెల్‌ఫోన్లు టవర్లకు మాట పంపే దారి. 908 సరిగ్గా అందులో పడుతుంది. ఇక్కడ అది చట్టవిరుద్ధం, చుట్టుపక్కల ఫోన్లకు అడ్డం కూడా.

ఈ 868 మెగాహెర్ట్జ్ మీద యూరప్‌లో ఒక లోకమే ఉంది. జర్మనీవాళ్ల హోమ్‌మాటిక్ ఐపీ, ఎనోషన్, ఫ్రాన్స్‌లో సోమ్‌ఫీ వాడే ఐఓ అన్నీ అక్కడే. తక్కువ ఫ్రీక్వెన్సీ ఇటుక గోడల్ని, కాంక్రీటు శ్లాబుల్ని కాస్త మెరుగ్గా దాటుతుంది. అమెరికా చెక్క ఇళ్లలో రాని ఇబ్బంది ఇక్కడి గట్టి గోడల్లో వస్తుంది కాబట్టి మూడంతస్తుల ఇంట్లో ఈ తేడా తెలుస్తుంది. దీనికొక నియమం ఉంది. 868.0 నుంచి 868.6 మధ్య మాట్లాడే పరికరం మామూలుగా గంటలో ఒక్క శాతం సమయమే, అంటే 36 సెకన్లే, గాలిలో మాట్లాడవచ్చు. పది థర్మోస్టాట్లకు నిమిషానికోసారి ఆజ్ఞలు పంపేలా ఆటోమేషన్ రాసుకున్నవాళ్లకు హబ్ ఉన్నట్టుండి గమ్మున ఊరుకుంటుంది. పాడైందనుకుని వాపసు పంపేస్తారు. అది నియమం పాటిస్తోందంతే, కాసేపటికి మళ్లీ పలుకుతుంది. ఆజ్ఞలు తగ్గించుకోవడమే మందు.

స్మార్ట్ సామాను వాడే మిగతా రేడియో పద్ధతులు, అంటే జిగ్‌బీ, థ్రెడ్, వైఫై, బ్లూటూత్, ఇళ్లలో ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. అది ప్రపంచమంతా ఒకటే. వాడి సూట్‌కేసులో ఆ మూడు సెన్సర్లు బతికి బట్టకట్టింది అందుకే. అవి జిగ్‌బీవి, పైగా బ్యాటరీవి కాబట్టి గోడతో పనిలేదు. వైఫైలో మాత్రం ఒక చిన్న మెలిక ఉంది. యూరప్ రౌటర్లు 13వ ఛానెల్ దాకా వాడతాయి, అమెరికా కోసం చేసిన పరికరాలు చాలావరకు 11తో ఆగిపోతాయి. రౌటర్ తనంతట తాను 12కో 13కో మారితే ఆ ప్లగ్గుకు ఇంట్లో వైఫై లేనట్టే. రౌటర్‌ను 1, 6, 11లో ఒకదానికి కట్టేస్తే సరిపోతుంది.

జర్మనీలో ఉంటున్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవచ్చు. ఇక్కడ చాలా ఇళ్లలో రౌటర్ ఫ్రిట్జ్‌బాక్స్. దానిలో కార్డ్‌లెస్ ఫోన్ల కోసం ఉన్న డెక్ట్ రేడియోతోనే అదే కంపెనీ ప్లగ్గులు, రేడియేటర్ థర్మోస్టాట్లు నేరుగా మాట్లాడతాయి. వేరే హబ్ అక్కర్లేదు. నాలుగు రేడియేటర్లు, రెండు ప్లగ్గులు చాలనుకునే ఇంటికి ఇంతకంటే తేలిక దారి నాకు కనిపించలేదు.

మ్యాటర్ గుర్తు ఉంటే చాలా?

2019 డిసెంబరులో అమెజాన్, యాపిల్, గూగుల్, జిగ్‌బీ అలయన్స్ కలిసి ఒక ఉమ్మడి భాష తయారుచేస్తామని ప్రకటించాయి. 2022 అక్టోబరులో మ్యాటర్ పేరుతో మొదటి వెర్షన్ వచ్చింది. ఇది చాలా మంచి పని. ఒకే బల్బు భర్త ఐఫోన్‌లోనూ, భార్య ఆండ్రాయిడ్‌లోనూ, హాల్లో స్పీకర్‌లోనూ ఏకకాలంలో ఉండవచ్చు. ఇదివరకు అది పెద్ద తలనొప్పి.

కానీ మ్యాటర్ భాష మాత్రమే, దారి కాదు. ఇద్దరికీ తెలుగు వచ్చినా మధ్యలో ఫోన్ లైను లేకపోతే మాట కుదరదు. మ్యాటర్‌కు ఆ లైను వైఫై కావచ్చు, ఈథర్నెట్ కావచ్చు, థ్రెడ్ కావచ్చు. పెట్టె మీద మ్యాటర్ గుర్తు చూసి కొన్న తలుపు సెన్సర్ థ్రెడ్ మీద నడిచేదైతే, థ్రెడ్‌ను ఇంటి నెట్‌వర్కుకు కలిపే థ్రెడ్ బోర్డర్ రౌటర్ ఇంట్లో ఉండాలి. హోమ్‌పాడ్ మినీ లాంటి స్పీకర్లలో, ఐకియా డిరిగెరా హబ్‌లో అది ఉంది. మీ ఇంట్లో అలాంటిదేదీ లేకపోతే ఆ సెన్సర్ పెట్టెలోనే పడి ఉంటుంది. ఆ వస్తువులకు ఆజ్ఞలిచ్చే మ్యాటర్ కంట్రోలర్ కూడా ఒకటి కావాలి. అంటే ఒక గుర్తు వెనక రెండు షరతులు ఉన్నాయి.

మూడో షరతు వెర్షన్. మొదటి మ్యాటర్‌కు బల్బులు, ప్లగ్గులు, తాళాలు, థర్మోస్టాట్లు తెలుసు. ఫ్రిజ్‌లు, డిష్‌వాషర్లు 2023లో వచ్చిన 1.2తో చేరాయి. కెమెరాలు 2025 నవంబరు నాటి 1.5 దాకా రానేలేదు. మ్యాటర్ నియమాల పత్రంలో చేరినంత మాత్రాన మీ ఫోన్‌లోని యాప్ దాన్ని అదే రోజు గుర్తించదు, ఒక్కో కంపెనీ తన తీరికను బట్టి చేర్చుకుంటుంది. పైగా మ్యాటర్ ద్వారా అందేవి ముఖ్యమైన పనులే. థర్మోస్టాట్ ఉష్ణోగ్రత మార్చవచ్చు గానీ, ఆ కంపెనీ గొప్పగా చెప్పుకునే ప్రత్యేక సదుపాయం మాత్రం వాళ్ల సొంత యాప్‌లోనే ఉంటుంది.

ఇప్పటికే జిగ్‌బీ బల్బులు ఉన్నవాళ్లు వాటిని పారేయనక్కర్లేదు. ఫిలిప్స్ హ్యూ బ్రిడ్జి, డిరిగెరా లాంటివి మధ్యలో దుబాసీగా నిలబడి జిగ్‌బీ బల్బుల్ని మ్యాటర్ వైపు చూపిస్తాయి. రెండు వస్తువులు అన్నిటా సమానంగా ఉంటే మ్యాటర్ ఉన్నది తీసుకుంటాను. గోడలో పట్టని వస్తువును మ్యాటర్ గుర్తు చూసి మాత్రం తీసుకోను.

గుండ్రటి బాక్సు, లేని మూడో వైరు

మన ఇళ్లలో స్విచ్చులు, సాకెట్టు ఒకే బోర్డులో ఉంటాయి. సాకెట్టు ఉంది కాబట్టి న్యూట్రల్ వైరు కూడా అక్కడికి వచ్చి ఉంటుంది. ఇక్కడ స్విచ్చు తలుపు పక్కన ఒంటరిగా ఉంటుంది, సాకెట్టు ఎక్కడో నేల దగ్గర. పాత ఇళ్లలో స్విచ్చు బాక్సులోకి దిగేవి రెండే వైర్లు. ఫేజు వస్తుంది, దీపానికి వెళ్లిపోతుంది. న్యూట్రల్ దీపం దగ్గరే ఆగిపోతుంది. బ్రిటన్‌లో అయితే సీలింగ్ మీద దీపం తగిలించే రోజ్‌లోనే కలపడం పాత అలవాటు.

స్మార్ట్ స్విచ్చుకు దీపం ఆర్పినా తను మేలుకుని ఉండాలంటే కరెంటు కావాలి. న్యూట్రల్ ఉంటే దాని ద్వారా తీసుకుంటుంది. లేకపోతే ఆ కొద్ది కరెంటు దీపంలోంచే పారాలి. పాత 60 వాట్ల బల్బుకు అది లెక్క కాదు, 5 వాట్ల ఎల్‌ఈడీ మాత్రం ఆర్పాక కూడా మిణుకుమిణుకుమంటుంది. న్యూట్రల్ అక్కర్లేదని చెప్పే మోడళ్లు ఉన్నాయి, వాటికి కనీస లోడు ఎంతో కాగితం మీద రాసి ఉంటుంది. చాలకపోతే దీపం దగ్గర బైపాస్ అనే చిన్న ముక్క కలపాలి. స్విచ్చు వెనక దాక్కునే చిన్న రిలే మాడ్యూళ్లు, అంటే బల్గేరియాకు చెందిన షెల్లీ, పోలండ్‌కు చెందిన ఫిబారో లాంటివి, యూరప్ బాక్సుల కోసమే చేసినవి. అయినా 40 మిల్లీమీటర్ల లోతున్న పాత బాక్సులో స్విచ్చు, మాడ్యూలు, వైర్లు మూడూ ఇరికించడం కష్టం. కొత్తగా గోడ కొడుతున్నవాళ్లు 60 మిల్లీమీటర్లు దాటిన లోతు బాక్సులు పెట్టించుకుంటే, ప్రతి స్విచ్చుకూ న్యూట్రల్ దింపించుకుంటే, తరవాతి ఇరవయ్యేళ్లు ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు.

బాక్సు ఆకారం కూడా దేశాన్ని బట్టే. జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, పోలండ్‌లలో గుండ్రటిది, స్క్రూల మధ్య 60 మిల్లీమీటర్లు. బ్రిటన్‌లో చదరపుది. ఇటలీలో అడ్డంగా పొడుగాటిది, మన మాడ్యులర్ బోర్డులాగా పక్కపక్కనే ముక్కలు దూర్చేది. జర్మనీలో గోడ మీద కనిపించే ఫ్రేముల్లో చాలావాటి నడిమి ఖాళీ 55 మిల్లీమీటర్లు. ఆ కొలతకు చేసిన స్మార్ట్ స్విచ్చు అయితే పాత ఫ్రేములోనే కూర్చుంటుంది, పక్క స్విచ్చులతో తేడాగా కనిపించదు.

ఇక్కడ ప్రాణాల మీదికి వచ్చే విషయం ఒకటి చెప్పాలి. వైరు రంగులు. ఇప్పటి యూరప్‌లో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు-ఆకుపచ్చ చారలు ఎర్త్. మనకు ఎరుపంటే ఫేజు, నలుపంటే న్యూట్రల్ అని చిన్నప్పటి నుంచి చేతికి అలవాటు. బ్రిటన్‌లోనూ 2004 దాకా ఇళ్లలో అంతే. కానీ జర్మనీలో నలుపు ఫేజు. 1965కు ముందు వేసిన వైరింగ్‌లో ఎరుపు ఎర్త్. ఆ ఆదివారం మా ముందున్న బాక్సులో నల్ల వైర్లు రెండు, పక్క సాకెట్టులో ఒక ఎర్ర వైరు కనిపించాయి. వాడు ఎర్రది చూపించి ఇదే కదా ఫేజు అన్నాడు. నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టేసి, ఇక వద్దురా అన్నాను. మరుసటి వారం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మన ఇళ్లలో వాడే, దీపం వెలిగే స్క్రూడ్రైవర్ లాంటి టెస్టర్‌ను జర్మన్లు అబద్ధాల కలం అని పిలుస్తారని ఆయన చెప్పాడు. రెండు ముల్లుల టెస్టర్ తప్ప దేన్నీ నమ్మడు. జర్మనీలో గోడలోపలి వైరింగ్ పని రిజిస్టరైన ఎలక్ట్రీషియన్ చేతులతోనే జరగాలన్నది నియమం కూడా.

వేడి దగ్గరే అసలు లాభం, అసలు చిక్కు

యూరప్‌లో స్మార్ట్ హోమ్ మీద పెట్టిన డబ్బు నిజంగా తిరిగొచ్చే చోటు హీటింగే. దీపాలు ఎంత తెలివిగా ఆర్పినా మిగిలేది చిల్లర. చలికాలం గ్యాసు బిల్లు అలా కాదు. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది కూడా ఇక్కడే, ఎందుకంటే మనకు ఇంట్లో ఇలాంటి వ్యవస్థ అలవాటు లేదు.

అమెరికా ఇంట్లో గాలిని వేడిచేసి గొట్టాల ద్వారా ఇల్లంతా పంపుతారు. గోడ మీది థర్మోస్టాట్‌కు 24 వోల్టుల వైర్లు నాలుగైదు వస్తాయి. యూరప్‌లో బాయిలర్ నీటిని వేడిచేస్తే, ఆ నీరు గది గదిలో ఉన్న రేడియేటర్లలో తిరుగుతుంది. బాయిలర్‌కూ థర్మోస్టాట్‌కూ మధ్య సంభాషణ రకరకాలు. కొన్నింటికి 230 వోల్టుల ఆన్-ఆఫ్, కొన్నింటికి వోల్టేజీ లేని రెండు వైర్ల కాంటాక్టు. నెదర్లాండ్స్‌లో ఎక్కువగా కనిపించే ఓపెన్‌థెర్మ్ ద్వారా అయితే, ఎంత వేడి కావాలో థర్మోస్టాట్ అంకెల్లో చెప్పగలదు, బాయిలర్ ఆ మేరకే మండుతుంది. వైలంట్ బాయిలర్ల భాష ఈబస్, బాష్ వాటిది ఈఎంఎస్. ఈ గజిబిజి ఎంతటిదంటే, గూగుల్ 2025లో యూరప్‌లో కొత్త నెస్ట్ థర్మోస్టాట్లు ఇక తీసుకురామని ప్రకటించినప్పుడు, ఇక్కడి హీటింగ్ వ్యవస్థల వైవిధ్యాన్నే కారణంగా చెప్పింది. 2014 నాటి యూరప్ మోడల్‌కు అదే ఏడాది అక్టోబరు 25తో సపోర్టు ఆగిపోయింది.

అద్దె ఫ్లాటుల్లో ఉన్న చాలామందికి బాయిలర్ అందుబాటులో ఉండదు, అది నేలమాళిగలో ఉంటుంది, అందరిదీ. మీ చేతిలో ఉన్నది రేడియేటర్ పక్కన ఒకటి నుంచి ఐదు అంకెలున్న మూత. దాన్ని చేత్తో విప్పవచ్చు. కింద వాల్వు, దాని మధ్యలో ఒక సన్నని సూది. సూదిని నొక్కితే నీరు ఆగుతుంది, వదిలితే పారుతుంది. స్మార్ట్ థర్మోస్టాట్ చేసేదల్లా చిన్న మోటారుతో ఆ సూదిని నొక్కడం, వదలడం. బ్యాటరీలతో నడుస్తుంది, వైరుతో పనిలేదు, నీరు కారదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత మూత బిగించి వెళ్లిపోవచ్చు. అందుకే అద్దెవాళ్లు మొదట కొనాల్సింది ఇదే అంటాను.

అది బిగిసేదీ లేనిదీ మర కొలతను బట్టి ఉంటుంది. ఎక్కువ వాల్వులకు ఎం 30 × 1.5, అంటే 30 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక్కో మరకు ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడం. డాన్‌ఫాస్ వాల్వులకు మర ఉండదు, గాట్లలో కూర్చుని బిగుసుకుంటుంది. వాటిలోనూ ఆర్‌ఏ, ఆర్‌ఏవీ, ఆర్‌ఏవీఎల్ అని మూడు రకాలు. ఇటలీలో కాలెఫీ, జాకొమీనీల కొలతలు వేరు. చాలా కంపెనీలు పెట్టెలోనే రెండు మూడు అడాప్టర్లు వేసి ఇస్తాయి. పాత మూత విప్పి ఫోటో తీసుకుని, స్కేలు పెట్టి కొలిచి, అప్పుడు కొనండి. ఒక ఇంట్లో అన్ని రేడియేటర్లవీ ఒకటే ఉంటాయనుకోకండి. మా స్నేహితుడి ఇంట్లో బాత్రూమ్‌ది తరవాత మార్చారు కాబట్టి దాని కొలత వేరు.

అది బిగించాక కూడా ఇల్లు వేడెక్కకపోతే కారణం ఇంకోచోట ఉంటుంది. జర్మనీలో బాయిలర్ సాధారణంగా బయటి ఉష్ణోగ్రత చూసుకుని తనంతట తాను నీరు కాస్తూ ఉంటుంది. గదుల్లో మూత తెరిస్తే చాలు. బ్రిటన్, నెదర్లాండ్స్, బెల్జియంలలో చాలా ఇళ్లలో హాల్లో ఉన్న ఒక్క థర్మోస్టాట్ మాటే బాయిలర్ వింటుంది. హాల్లో 20 డిగ్రీలు రాగానే బాయిలర్ ఆగిపోతుంది. పడకగదిలో పిల్లల కోసం మీరు పెట్టిన స్మార్ట్ మూత పూర్తిగా తెరుచుకుని ఎదురుచూస్తూ ఉంటుంది, వేడి నీరు రాదు. అక్కడ మూతలూ, బాయిలర్‌కు ఆజ్ఞ ఇచ్చే పెట్టే ఒకే వ్యవస్థవి అయి ఉండాలి. గది చల్లగా ఉందని మూత చెబితే పెట్టె బాయిలర్‌ను వెలిగించాలి. అగ్గువగా దొరికాయని మూతలు ఒకచోట, థర్మోస్టాట్ ఇంకోచోట కొన్నవాళ్ల బాధ ఇదే. తలుపులు, కిటికీల సెన్సర్లు కూడా అదే కుటుంబంలోవి అయితే, పొద్దున్నే కిటికీ బార్లా తెరిచి గాలి మార్చే జర్మన్ అలవాటుకు మూత దానంతట అదే మూసుకుంటుంది.

నేల కింద గొట్టాలున్న ఇళ్లు, హీట్‌పంపు ఉన్న ఇళ్లు వేరు. అవి నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారతాయి. గంటకోసారి తగ్గించి పెంచే తెలివి అక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఒక్కోసారి నష్టం కూడా.

తలుపు, బెల్, షట్టర్

తాళం సంగతి త్వరగా చెబుతాను. అమెరికా తలుపుల్లో వాడే డెడ్‌బోల్ట్ తాళం యూరప్ తలుపులో దిగదు. ఇక్కడ ఎక్కువ తలుపుల్లో ఉండేది తాళంచెవి దూర్చే రంధ్రం ఆకారంలో కోసిన పొడుగాటి సిలిండర్. దానికి లోపలి వైపు పొడవు ఎంత, బయటి వైపు ఎంత అని విడిగా కొలవాలి. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌కు చెందిన నూకి లాంటివి లోపలి వైపు దూర్చిన తాళంచెవినే పట్టుకుని తిప్పుతాయి. లోపల తాళంచెవి ఉండగా బయటి నుంచి ఇంకో తాళంచెవితో తెరుచుకునే సిలిండర్ అయితేనే అది పెట్టండి. లేకపోతే బ్యాటరీ అయిపోయిన రోజు బయటే నిలబడాలి. స్కాండినేవియాలో సిలిండర్ వేరే ఆకారం, బ్రిటన్‌లో మళ్లీ వేరే రకాలు.

అమెరికా వీడియో బెల్‌కు 16 నుంచి 24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, జర్మనీలో పాత బెల్లులకు తరచూ 8 వోల్టులే. కిటికీ రోలర్ షట్టర్ మోటారుకు పైకి ఒక వైరు, కిందికి ఒక వైరు ఉంటాయి. రెండింటికీ ఒకేసారి కరెంటు వెళ్లకూడదు. కాబట్టి దీపాల రిలే రెండు కొని కలపడం వద్దు, షట్టర్ కోసమే చేసిన మాడ్యూలు తీసుకోండి.

రౌటర్ వైరు పీకి చూడండి

కొన్న వస్తువు ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది పెట్టె మీద కనిపించని కంపాటిబిలిటీ. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి, వేలమంది ఇళ్లలో యాప్ చచ్చిపోయింది. అలాంటిది మీ ఇంట్లో జరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రౌటర్‌కు వచ్చే ఇంటర్నెట్ వైరు పీకేసి, వైఫై మాత్రం ఉంచి, స్విచ్చు నొక్కి చూడండి. దీపం వెలిగితే ఆ వస్తువు మీది. వెలగకపోతే అది కంపెనీ సర్వర్‌ది. ఆన్‌లైన్‌లో కొన్నవాటిని 14 రోజుల్లో కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు యూరోపియన్ యూనియన్‌లో ఉంది. కాబట్టి పది ఒకేసారి కొనకుండా ఒకటి కొని ఈ పరీక్ష చేయండి. హోమ్ అసిస్టెంట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇంట్లోనే చిన్న కంప్యూటర్ మీద నడుపుకునే ఓపిక ఉన్నవాళ్లకు, జిగ్‌బీ, జడ్-వేవ్, మ్యాటర్ అన్నీ ఒకే చోట చేరతాయి. ఓపిక అన్న మాట మాత్రం మనస్ఫూర్తిగానే అంటున్నాను, వారానికి ఒక గంట అది అడుగుతుంది.

చట్టాలు కూడా ఇప్పుడిప్పుడే వెంటబడుతున్నాయి. బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం నిషేధించింది, అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారో చెప్పి తీరాలంది. యూరోపియన్ యూనియన్‌లో ఇంటర్నెట్‌కు కలిసే రేడియో పరికరాలకు 2025 ఆగస్టు 1 నుంచి భద్రతా నియమాలు వచ్చాయి. 2027 డిసెంబరు 11 నుంచి అమలయ్యే సైబర్ రెసిలియన్స్ చట్టం, మామూలుగా కనీసం ఐదేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇవ్వాలంటుంది. ఊరూ పేరూ లేని చోట నుంచి సగం ధరకు తెప్పించుకునే ప్లగ్గు ఇవేవీ పాటిస్తుందన్న నమ్మకం లేదు. 230 వోల్టులు తాకే వస్తువు విషయంలో ఆ ఆదా నాకు సమ్మతం కాదు.

సొంత ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు కేఎన్‌ఎక్స్ పేరు వింటారు. యూరప్‌లో 1990ల నుంచి ఉన్న వైరు వ్యవస్థ, గోడల్లో ఆకుపచ్చ కేబుల్ వేస్తారు, వందల కంపెనీల స్విచ్చులు ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఖరీదు ఎక్కువ, మార్పు చేయాలంటే దానికి చదువుకున్న మనిషి రావాలి. కానీ ఆ రోజుల్లో పెట్టిన స్విచ్చు ఇవాళ్టి వాటితో మాట్లాడుతుంది. రేడియో సామానులో ఇంత దీర్ఘాయువు నేను చూడలేదు.

మా స్నేహితుడు చివరికి గోడ జోలికి పోలేదు. జిగ్‌బీ బల్బులు, ఒక బ్రిడ్జి, ఏడు రేడియేటర్ మూతలు కొన్నాడు. నెల బాగానే గడిచింది. తరవాత గుంటూరు నుంచి వాళ్లమ్మగారు వచ్చారు. పడుకునే ముందు ఇల్లంతా తిరిగి గోడ స్విచ్చులన్నీ ఆపడం ఆవిడకు యాభయ్యేళ్ల అలవాటు. జిగ్‌బీలో బల్బులే ఒకదాని మాట ఇంకొకదానికి అందిస్తాయి. వసారా బల్బుకు కరెంటు పోయేసరికి దాని మీద ఆధారపడ్డ తలుపు సెన్సర్ కూడా ప్రతి రాత్రీ కనిపించకుండా పోయేది. వారం పాటు వాడు సెన్సర్‌ను, ఫ్రీక్వెన్సీని, రౌటర్‌ను అనుమానించాడు.

"దీపం ఆర్పాలంటే ఫోన్ వెతుక్కోవాలా నాయనా? నా చేతికి అందేచోట ఒక స్విచ్చు పెట్టించు" అన్నారావిడ.

అలాంటివి ఉన్నాయి. బ్యాటరీ లేదు, వైరు లేదు. నొక్కినప్పుడు వేలి బలంతోనే లోపల చిన్న అయస్కాంతం కదిలి, ఒక్క సందేశానికి సరిపడా కరెంటు పుడుతుంది. మ్యూనిక్ దగ్గరున్న ఎనోషన్ వాళ్ల పనితనం అది. జిగ్‌బీలో మాట్లాడే రకం కూడా ఉంది, 55 మిల్లీమీటర్ల ఫ్రేములో కూర్చుంటుంది, హ్యూ బ్రిడ్జికి నేరుగా కలుస్తుంది. ఒకటి తెచ్చి, పాత స్విచ్చులు ఆన్‌లోనే ఉండేలా మూతలు వేసి, ఆవిడ మంచం పక్కన రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాం. ఆవిడ కూర్చుని నాలుగుసార్లు నొక్కి చూశారు. టిక్‌మని గట్టిగా చప్పుడైంది, హాల్లో దీపం ఆరింది, వెలిగింది.

"ఇదీ స్విచ్చంటే" అన్నారు.